గరిక కోతకూ ఒక లెక్క ఉన్నది: గోల్ఫ్ టీ బాక్సు నుంచి కోల్‌బెల్ట్ మైదానం వరకు

గరిక తెలుగువారికి రెండు రూపాల్లో పరిచయం. వినాయక చవితి నాడు అది పూజాపత్రి; పత్తి చేలో అదే గరిక గుంటకకు, గొర్రుకు లొంగని మొండి కలుపు. మూడవ రూపం ఒకటి ఉన్నది. గోల్ఫ్ మైదానాల్లోను, క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాల్లోను పాదాల కింద పరచుకొనే పచ్చికలో అత్యధిక భాగం ఈ గరిక జాతికి చెందినదే. దీనిని నిర్మూలించే పద్ధతులపై వ్యవసాయ శాస్త్రంలో కావలసినంత సాహిత్యమున్నది. దీనిని పెంచి, తగిన ఎత్తులో, తగిన వ్యవధిలో, తక్కువ ఖర్చుతో కోయడం ఎలాగన్న విషయాన్ని మాత్రం మనం తోటమాలి అనుభవానికి విడిచిపెట్టాము. పచ్చిక కోత నైపుణ్యం అక్కరలేని కూలిపని అన్న అభిప్రాయమే ఇందుకు మూలం. ఆ అభిప్రాయం సరికాదని, దానిని సరిదిద్దుకొనేందుకు రామగుండం, గోదావరిఖని ప్రాంతం అనువైన చోటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

గోల్ఫ్ అనగానే తెలంగాణ పాఠకునికి గోల్కొండ కోట పక్కనున్న నయాఖిలా, గచ్చిబౌలి బండరాళ్ల నడుమనున్న మైదానం గుర్తుకు వస్తాయి గాని బొగ్గు గనులు గుర్తుకు రావు. అయినా గోల్ఫ్ మైదానంలోని టీ బాక్సు అనే చిన్న మడి, దానిపై నడిచే రైడింగ్ రీల్ మోవర్ అనే యంత్రం నేర్పే పాఠం కోల్‌బెల్ట్‌లోని కాలనీ పార్కులకు, స్టేడియాలకు, పాఠశాల మైదానాలకు నేరుగా వర్తిస్తుంది. యంత్రం కొన్న మాత్రాన సామర్థ్యం రాదన్నదే ఆ పాఠం.

టీ బాక్సు: చిన్న మడి, పెద్ద సమస్య

గోల్ఫ్‌లో ప్రతి రంధ్రానికి ఆట మొదలయ్యే చదునైన, కొంచెం ఎత్తయిన వేదికను టీ బాక్సు అంటారు. ఆటగాళ్ల స్థాయిని బట్టి ఒక్కో రంధ్రానికి రెండు, మూడు, అంతకు మించి టీలు ఉంటాయి. ఇక్కడ గరికను సాధారణంగా 8 నుంచి 13 మి.మీ. ఎత్తులో ఉంచుతారు. బంతి దొర్లే గ్రీన్‌పై ఎత్తు 3, 4 మి.మీ. వరకు దిగుతుంది, చుట్టూ ఉండే రఫ్‌లో 25 మి.మీ.కు పైగా ఉంటుంది. ఆటగాడు ఒకే చోట నిలబడి బంతిని బలంగా కొట్టడం వల్ల టీపై పచ్చిక పెళ్లలుగా లేస్తుంది. కనుక టీ పచ్చిక కురచగా ఉండాలి, దట్టంగా ఉండాలి, తగిలిన గాయం నుంచి త్వరగా కోలుకోవాలి. హైబ్రిడ్ గరిక రకాలు ఇందుకోసం వచ్చినవే. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ పరిశోధనా కేంద్రం నుంచి 1960లో విడుదలైన టిఫ్‌వే వీటిలో ప్రసిద్ధమైనది. మన గరికకు ఆఫ్రికా గరికతో సంకరం కుదిరి పుట్టిన ఈ రకానికి మూడు క్రోమోజోముల జట్లు ఉండడం వల్ల మొలకెత్తే విత్తనం రాదు. తీగ ముక్కలతోనే నాటాలి.

ఫెయిర్‌వే విశాలంగా ఉంటుంది. యంత్రం తిన్నగా సాగిపోతుంది. టీ బాక్సులు చిన్నవి. మైదానమంతటా చెల్లాచెదురుగా, గట్టు మీద గట్టుగా ఉంటాయి. యంత్రం కోసే సమయం కంటే తిరిగే సమయం, నడిచే సమయం, ఎక్కి దిగే సమయం ఎక్కువయ్యేది ఇక్కడే. పదిగుంటల మడిలో ట్రాక్టరు దున్నేటప్పుడు గెనెం దగ్గర మలుపులకే సగం డీజిలు పోతుందని తెలంగాణ రైతు చెప్పే మాట ఇదే. క్రికెట్ మైదానం నడుమనున్న పిచ్‌ల సముదాయం, కాలనీ పార్కులోని పచ్చిక మడి, రహదారి మధ్యనుండే పచ్చని పట్టీ, అన్నీ ఈ కోవలోనివే. కనుక టీ బాక్సును ఒక ఆటకు చెందిన అలంకారంగా గాక, చిన్న మడిలో యాంత్రిక కోతకు నమూనాగా చూడడం మేలు.

కత్తెర సూత్రం, షియరర్ సూత్రం

సాధారణంగా కనిపించే రోటరీ మోవర్‌లో బ్లేడు అడ్డంగా అతివేగంగా తిరుగుతూ గడ్డిని కొడవలి వేటులా కొట్టి తెంపుతుంది. రీల్ మోవర్ పని వేరు. స్తూపాకారపు చట్రానికి మెలికగా బిగించిన బ్లేడ్లు తిరుగుతూ, కింద స్థిరంగా ఉన్న బెడ్‌నైఫ్ అంచును తాకీ తాకనట్లు దాటిపోతాయి. ఆ రెంటి నడుమ చిక్కిన గడ్డిపోచ కత్తెరలో పడినట్లు తెగుతుంది. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ 1830లో దీనికి పేటెంటు పొందాడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డపై నూగును కత్తిరించే యంత్రమే అతనికి ప్రేరణ. రెండు శతాబ్దాలు కావస్తున్నా సూత్రం మారలేదు. మనిషి కూర్చొని నడిపే నేటి యంత్రానికి సాధారణంగా మూడు రీళ్లు ఉంటాయి; మొత్తం కోత వెడల్పు సుమారు ఒకటిన్నర మీటరు.

రీల్ కోతలో నాణ్యతకు ఆధారమైన కొలత ఒకటున్నది. ఒక బ్లేడు కోసిన తరువాత మరో బ్లేడు కోసేలోపు యంత్రం ఎంత దూరం ముందుకు జరిగింది? యంత్రం వేగాన్ని, రీల్ తిరుగుడును బ్లేడ్ల సంఖ్యతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే ఈ దూరం వస్తుంది. ఇది కోత ఎత్తుకు దాదాపు సమానంగా ఉండాలి. ఎక్కువైతే పచ్చికపై అలలు అలలుగా చారలు పడతాయి. మరీ తక్కువైతే బ్లేడ్లు వ్యర్థంగా తిరిగి అరిగిపోతాయి.

ఒక ఉదాహరణ చూడవచ్చు. 8 బ్లేడ్ల రీలు నిమిషానికి 1000 సార్లు తిరిగితే సెకనుకు సుమారు 133 కోతలు పడతాయి. యంత్రం గంటకు 5 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 1389 మి.మీ. చొప్పున కదిలితే కోతకు కోతకు మధ్య దూరం 10.4 మి.మీ. కోత ఎత్తు 10 మి.మీ. అయినప్పుడు ఇది చక్కగా సరిపోతుంది. పని తొందరలో నడిపేవాడు వేగాన్ని 7 కి.మీ.కు పెంచితే దూరం 14.6 మి.మీ. అవుతుంది, పచ్చిక అలలు తేలుతుంది. వేగం పెంచక తప్పదనుకుంటే రీలు తిరుగుడును కూడా 1400కు పెంచాలి.

ఈ సూత్రం కోల్‌బెల్ట్‌కు కొత్తది కాదు. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గు పొరను కోసే షియరర్ యంత్రానికి ఉన్నదీ ఇదే లెక్క. యంత్రం ముందుకు సాగే వేగాన్ని డ్రమ్ము తిరుగుడుతోను, ఒక వరుసలోని పిక్కుల సంఖ్యతోను భాగిస్తే ఒక్కో పిక్కు ఎంత లోతు బొగ్గును కొరుకుతుందో తెలుస్తుంది. పిక్కు మొద్దుబారితే బొగ్గు పెళ్లలుగా రాక పొడి అవుతుంది, దుమ్ము లేస్తుంది, విద్యుత్తు వృథా అవుతుంది. బెడ్‌నైఫ్ మొద్దుబారితే గడ్డి తెగక చిరుగుతుంది. చిరిగిన కొసలు ఎండి, మరునాటికి మైదానమంతా బూడిద రంగు తిరుగుతుంది. ఆ గాయాల నుంచి నీరు ఆవిరవుతుంది, తెగుళ్లకు దారి దొరుకుతుంది. గనిలో ఈ లెక్కను ఇంజినీరు వేస్తాడు. మైదానంలో అదే లెక్క వేసేవారు అరుదు. లోపం యంత్రజ్ఞానంలో లేదు. పచ్చికను అంతటి శ్రద్ధకు తగిన పంటగా చూడకపోవడంలో ఉన్నది.

సమయం ఎక్కడ పోతున్నది?

వ్యవసాయ యంత్రాల పాఠంలో విద్యార్థులు నేర్చుకొనే క్షేత్ర సామర్థ్యమనే భావనను టీ బాక్సుకు అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల టీ బాక్సును తీసుకొందాం. యంత్రం కోత వెడల్పు 1.5 మీటర్లు, వరుసకు వరుసకు 10 సెం.మీ. అతివ్యాప్తి పోగా 1.4 మీటర్లు. వేగం గంటకు 5 కి.మీ. ఒక్కో మలుపుకు 10 సెకన్లు అనుకొందాం.

పొడవు వెంట కోస్తే 8 వరుసలు, 7 మలుపులు. కోతకు 115 సెకన్లు, మలుపులకు 70 సెకన్లు, చివర అంచు చుట్టూ ఒక ప్రదక్షిణకు 43 సెకన్లు. వెరసి 228 సెకన్లు. వెడల్పు వెంట కోస్తే 15 వరుసలు, 14 మలుపులు. కోతకు 108 సెకన్లు, మలుపులకు 140 సెకన్లు, అంచుకు 43 సెకన్లు. వెరసి 291 సెకన్లు. తేడా 63 సెకన్లు. 18 రంధ్రాల మైదానంలో రంధ్రానికి మూడేసి చొప్పున 54 టీలు ఉంటే, దిశ ఎంపిక ఒక్కటే ఒక విడత కోతలో 57 నిమిషాలు మింగుతుంది. వారానికి మూడు విడతలు కోసేచోట ఇది దాదాపు మూడు గంటలు.

యంత్రం సైద్ధాంతిక సామర్థ్యం గంటకు 0.75 హెక్టారు. పై లెక్క ప్రకారం పొడవు వెంట కోతలో దక్కేది అందులో 42 శాతం, వెడల్పు వెంట కోతలో 33 శాతం. ఒక టీ నుంచి మరో టీకి ప్రయాణాన్ని కలిపితే ఇంకా తగ్గుతుంది. విక్రేత చూపే కరపత్రంలోని సంఖ్యకు, మైదానంలో దక్కే ఫలితానికి మధ్యగల అంతరం ఇంత పెద్దది.

సమయం కలిసిరావడానికి సాధారణంగా తోచే ఉపాయం వేగం పెంచడం. 7 కి.మీ. వేగంతో పొడవు వెంట కోస్తే టీకి 45 సెకన్లు మిగులుతాయి. కాని రీలు తిరుగుడు పెంచకపోతే కోత చెడుతుంది. గట్టు అంచున ప్రమాదమూ పెరుగుతుంది. ఇందుకు బదులు టీ కొసల వద్ద యంత్రం ధారాళంగా తిరిగేందుకు చదునైన జాగా విడిచి, మలుపును 10 సెకన్ల నుంచి 6 సెకన్లకు తగ్గించితే 28 సెకన్లు మిగులుతాయి. అంచు ప్రదక్షిణను విడత మార్చి విడత చేస్తే సగటున మరో 21 సెకన్లు. రెండూ కలిపి 49 సెకన్లు. వేగం పెంచకుండానే అంతకు మించిన ఫలితం దక్కింది. పైగా నిత్యం ఒకే జాడలో తిరిగే చక్రాల కింద అంచు పచ్చిక నలిగి వలయంగా అరిగిపోయే సమస్య కూడా తగ్గుతుంది.

ఓపెన్‌కాస్ట్ గనిలో షావెల్, డంపర్ల పనిని గమనించేవారికి ఇది సుపరిచితమైన విషయమే. ఉత్పత్తి తగ్గితే అక్కడ ముందు అడిగేది డంపరు ఎంత వేగంగా పరుగెత్తిందని కాదు. షావెల్ దగ్గర ఎంతసేపు ఆగింది, మలుపుకు ఎంత సమయం పట్టింది, దారి ఎలా ఉన్నది అని. ఆ ప్రశ్నలను పచ్చికకు వేయడమే ఇక్కడ కావలసినది.

దిశ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. సమయం కలిసివస్తుందని ఎల్లప్పుడూ పొడవు వెంటే కోస్తే గరిక తీగలు ఒకే వైపు పడుకొని, బ్లేడు కిందికి రాకుండా తప్పించుకొంటాయి. కనుక దిశ మారుస్తూనే ఉండాలి. ఒక విడత పొడవు వెంట, మరు విడత అదే రేఖపై ఎదురు దిశలో, మూడవ విడత ఐమూలగా కోయడం సస్యశాస్త్రానికి, సమయానికి మధ్య సమంజసమైన రాజీ.

యంత్రం కంటే ముందు ఎత్తు, ఎరువు

కోత ఖర్చును నిర్ణయించేది యంత్రమొక్కటే కాదు. ఆకు పెరుగుదల అంతకంటే ముఖ్యం. ఒక విడతలో ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదన్నది పచ్చిక శాస్త్రంలో స్థిరపడిన నియమం. 10 మి.మీ. ఎత్తులో ఉంచదలచిన పచ్చికను 15 మి.మీ.కు చేరేలోపు కోయాలి. 30 మి.మీ. ఎత్తులో ఉంచదలచిన దానిని 45 మి.మీ. వరకు పెరగనివ్వవచ్చు. వానాకాలంలో గరిక రోజుకు 2 మి.మీ. పెరుగుతున్నదనుకొంటే మొదటిదానికి రెండున్నర రోజులకొకసారి, రెండవదానికి ఏడున్నర రోజులకొకసారి కోత పడుతుంది. ఆరు నెలలకు 73 కోతలెక్కడ, 24 కోతలెక్కడ! ఏ యంత్రమూ ఇవ్వలేని ఆదా కోత ఎత్తును సరిగ్గా నిర్ణయించుకోవడంలో ఉన్నది. టీ బాక్సుకు 10 మి.మీ. అవసరం. ఉదయపు నడకకు వచ్చేవారి పార్కుకు ఆ అవసరం లేదు.

రెండవది నత్రజని. రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ 2021 మార్చిలో యూరియా ఉత్పత్తి ప్రారంభించింది. కర్మాగారం పొరుగునే ఉన్నది కదా అని పచ్చికకు యూరియా చల్లడంలో చేయి జారరాదు. పెరిగే నెలల్లో 100 చదరపు మీటర్లకు నెలకు పావు నుంచి అర కిలో నత్రజని, అంటే సుమారు అర కిలో నుంచి 1.1 కిలోల యూరియా చాలుతుంది. అదీ విడతలుగా, నీటి తడితో ఇవ్వాలి. అవసరానికి మించి చల్లిన ప్రతి గుప్పెడు వారం తిరిగేలోపు మరో కోతగా, మరింత డీజిలుగా తిరిగి వస్తుంది. నల్లబడిన ఆకును చూసి మురిసిపోవడం వరిలో ఎంత పొరపాటో పచ్చికలోనూ అంతే. కోసిన తుక్కు మైదానంపైనే సన్నగా రాలనిస్తే అందులోని నత్రజని నేలకు తిరిగి చేరుతుంది. ఆట నునుపుదనం అవసరమైన చోట్ల మాత్రమే తుక్కును బుట్టలో పట్టి, కంపోస్టుకు తరలించాలి.

వాన, దుమ్ము, ఎండ

పరదేశపు పుస్తకంలోని కోత పట్టికను యథాతథంగా గోదావరి తీరానికి తేవడం కుదరదు. ఇక్కడి ప్రత్యేకతలు మూడు.

మొదటిది నైరుతి రుతుపవనం. ఏడాది వర్షంలో అధిక భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టి యంత్రం దిగలేకపోతే గరిక రీలుకు అందని ఎత్తుకు పెరుగుతుంది. తుంగ, ఇతర గడ్లు వెన్ను వేస్తాయి. పెరిగిన కాడ రీలు కింద వంగిపోతుందే తప్ప తెగదు. అప్పుడు ఒక్కసారిగా కిందికి కోస్తే పచ్చదనమంతా పోయి పసుపు కాడలు మిగులుతాయి. ముందు రోటరీ యంత్రంతో ఎత్తుగా కోసి, రెండు మూడు రోజుల వ్యవధితో అంచెలంచెలుగా దించి, ఆ తరువాతే రీలును దించాలి. కనుక రీల్ మోవర్ కొన్న సంస్థ రోటరీని వదిలించుకోరాదు.

రెండవది దుమ్ము. బొగ్గు, మట్టి రవాణా మార్గాలకు సమీపంలోని పచ్చికపై పడే ధూళి బ్లేడు అంచును అరగదీస్తుంది. మైదానం చదునుకు పైన చల్లే ఇసుక కూడా అంతే. ఇటువంటి చోట బెడ్‌నైఫ్ సర్దుబాటు వారపు పని కారాదు. ప్రతి కోతకు ముందు చేయవలసిన పని. సన్నని కాగితపు ముక్కను బ్లేడుకు, బెడ్‌నైఫ్‌కు మధ్య ఉంచి, చేతికి తొడుగు వేసుకొని, ఇంజను ఆపిన తరువాత రీలును మెల్లగా తిప్పి, కాగితం పొడవునా శుభ్రంగా తెగుతున్నదో లేదో చూడడం ఒక నిమిషం పని. తెగకపోతే సానపొడి జిగురు పూసి రీలును వెనుకకు తిప్పే బ్యాక్‌ల్యాపింగ్, అదీ చాలకపోతే గ్రైండింగ్ చేయించాలి. ఇందుకు కావలసిన ఫిట్టర్ పనితనం కోల్‌బెల్ట్‌లో సమృద్ధిగా ఉన్నది. లేనిది ఆ పనితనాన్ని పచ్చికకు అన్వయించే చిన్న శిక్షణ మాత్రమే.

మూడవది ఎండ. మే నెలలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు చేరడం వింత కాదు. ఆ ఎండలో భుజానికి తగిలించుకొన్న బ్రష్ కట్టర్‌తో, దాని వేడిని, పొగను, అదురును భరిస్తూ పచ్చిక కోసే కాంట్రాక్టు కార్మికుని స్థితిని సామర్థ్యపు లెక్కలో చేర్చకపోతే ఆ లెక్క అసంపూర్ణం. కోతను తెల్లవారుజామునకు మార్చడం సహజమైన పరిష్కారం. అయితే గని షిఫ్టులకు అలవాటుపడిన ఊరిలో మైదానాలు తెల్లవారకముందే నడకకు వచ్చేవారితో నిండుతాయి. మనుషుల నడుమ రీలు తిప్పడం తగదు. మైదానాన్ని భాగాలుగా విభజించి, రోజుకొక భాగాన్ని నడకకు మూసి, ఆ సంగతిని ముందే బోర్డుపై తెలపడం వంటి నిర్వహణ పద్ధతి ఇక్కడ యంత్రమంత అవసరం. గట్లున్న చోట బోల్తా రక్షణ చట్రం, సీటు బెల్టు లేని యంత్రాన్ని నడపనివ్వరాదు. ఇంజను ఆపకుండా రీలులో చిక్కిన గడ్డిని చేతితో తీయడం వేళ్లు పోగొట్టుకోవడమే.

ఆక్షేపణలు, సమాధానాలు

గోల్ఫ్ సంపన్నుల ఆట, రైతుల కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయానికి దానితో పనేమిటని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. విశ్వవిద్యాలయం గోల్ఫ్‌ను ప్రోత్సహించాలని ఇక్కడ వాదన కాదు. పచ్చికను నిత్యం కోసి, లెక్కలు రాసి, ఖర్చును కొలిచే క్రమశిక్షణ ఆ ఆట చుట్టూ పెరిగింది. ఆ విజ్ఞానాన్ని ప్రభుత్వ పాఠశాల మైదానానికి చేర్చడం విస్తరణ శాస్త్రవేత్త పని. గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి మైదానాలు ఆటలకే గాక సభలకు, ఉత్సవాలకు కూడా వేదికలవుతాయి. వేల పాదాల కింద నలిగిన పచ్చికను తిరిగి నిలబెట్టడం టీ బాక్సును నిలబెట్టడం కంటే కష్టమైన సస్యశాస్త్ర సమస్య.

రోటరీ యంత్రం చౌకగా దొరుకుతుండగా ఖరీదైన రీలు ఎందుకన్నది రెండవ ఆక్షేపణ. దీనికి సూటి సమాధానం చెప్పాలి: చాలాచోట్ల రీలు అవసరం లేదు. 25 మి.మీ.కు పైన కోసే పార్కులకు, రహదారి పట్టీలకు పదునైన రోటరీయే సరైనది. అంతకు దిగువన, నునుపు అవసరమైన చోట్ల మాత్రమే రీలు తన విలువ చూపుతుంది. ఒక్క క్రికెట్ పిచ్ సముదాయమే ఉన్నచోట నడుస్తూ తోసే రీలు యంత్రం చాలు. కూర్చొని నడిపే యంత్రం అర్థవంతం కావాలంటే దానికి తగినంత విస్తీర్ణం ఉండాలి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఫుట్‌బాల్ మైదానాన్ని 1.5 మీటర్ల యంత్రం 75 శాతం సామర్థ్యంతో సుమారు గంటా పావులో ముగిస్తుంది. అటువంటి నాలుగైదు మైదానాలకు ఒక యంత్రాన్ని, ఒక శిక్షణ పొందిన నడిపేవాడిని, ఒక మరమ్మతు కేంద్రాన్ని ఉమ్మడిగా పెట్టుకోవడం ఒక్కో మైదానానికి ఒక్కో యంత్రం కొనడం కంటే మేలు. రైతులకు యంత్రాల అద్దె కేంద్రాలను సిఫారసు చేసే మనం ఈ తర్కాన్ని సంస్థలకూ చెప్పవచ్చు.

నీటి ప్రశ్న అన్నింటికంటే బరువైనది. ఒక హెక్టారు పచ్చికకు వేసవిలో రోజుకు 5 మి.మీ. నీరివ్వాలంటే 50,000 లీటర్లు కావాలి. తాగునీటిని దీనికి మళ్లించడం సమర్థనీయం కాదు. గనుల నుంచి తోడిపోసే నీరు, కాలనీల నుంచి వచ్చే శుద్ధిచేసిన మురుగునీరు మాత్రమే దీనికి ఆధారం కావాలి. ఆ నీటిలోని లవణాలను పరీక్షించి, తగిన తడి పద్ధతిని సూచించడం మన ప్రయోగశాలల బాధ్యత. ఆ నీరూ అందని చోట వేసవిలో గరికను నిద్రపోనిచ్చి, తొలకరికి మేల్కొలపడమే వివేకం. గరికకు ఆ శక్తి ఉన్నది.

తవ్విన నేలపై ఏమి పెరగాలి?

ఈ చర్చకు కోల్‌బెల్ట్‌లో మరో కోణమున్నది. ఓపెన్‌కాస్ట్ గనులు తమ చుట్టూ మట్టి గుట్టలను మిగులుస్తాయి. ఇతర దేశాల్లో ఇటువంటి నేలలపై గోల్ఫ్ మైదానాలు నిర్మించిన సందర్భాలున్నాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పూర్వపు బొగ్గు గని భూమిపై పీట్ డై రూపొందించిన మైదానం, మోంటానా రాష్ట్రం అనకొండలో రాగి కరిగించిన స్థలంపై 1997లో ప్రారంభమైన ఓల్డ్ వర్క్స్ మైదానం ప్రసిద్ధమైనవి. రెండవదానిలో కొలిమి మిగిల్చిన నల్లని చిట్టెమునే ఇసుక గుంటల్లో నింపారు.

వాటిని చూసి ఇక్కడా గుట్టపై గోల్ఫ్ నిర్మించాలని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఈ నేల వెనుక భూమి కోల్పోయిన గ్రామాలున్నాయి, అడవిని తిరిగి పెంచవలసిన బాధ్యత ఉన్నది. వారి మేత, వారి చెరువు, వారి ఉపాధి ముందు, ఆటస్థలం తరువాత. అయితే గుట్ట వాలుపై మట్టి జారకుండా పట్టి ఉంచేందుకు గరిక వంటి తీగజాతి గడ్డి కావాలన్నా, గుట్ట పాదంలో గ్రామ యువతకు ఒక మైదానం కావాలన్నా, సేంద్రియ కర్బనం లేని, గట్టిపడిన ఆ మట్టిలో పచ్చికను నిలిపే శాస్త్రం మన దగ్గర ఉండాలి. ఏటవాలు ఎంత ఉంటే యంత్రం నిలుస్తుంది, ఎంత దాటితే కోయకుండా విడిచిపెట్టాలి అన్న విషయాలు గుట్టను మలిచే నాడే తేలాలి. గుట్ట రూపం స్థిరపడిన తరువాత మోవర్ కోసం దానిని మార్చడం సాధ్యం కాదు.

చేయవలసినవి

జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ పరిశోధనా స్థానం ఉత్తర తెలంగాణ వ్యవసాయానికి కేంద్రం. అటువంటి కేంద్రాల శాస్త్రవేత్తలు, ఉద్యాన శాస్త్రవేత్తలు, గని ఇంజినీర్లు కలిసి పూనుకొంటే నాలుగు పనులు పెద్ద ఖర్చు లేకుండా ప్రారంభించవచ్చు.

ఒకటి, కోల్‌బెల్ట్‌లోని రెండు మూడు మైదానాల్లో ఏడాది పాటు కోత పుస్తకం నిర్వహించడం. తేదీ, కోతకు ముందు ఎత్తు, తరువాత ఎత్తు, పట్టిన నిమిషాలు, డీజిలు, వేసిన ఎరువు, కురిసిన వాన. ఈ ఏడు గళ్లు చాలు. స్థానిక సమాచారం లేకుండా చేసే ఏ సిఫారసైనా ఊహ మాత్రమే.

రెండు, స్థానిక గరిక సేకరణలను, సెలెక్షన్-1 వంటి ప్రచారంలో ఉన్న రకాలను, హైబ్రిడ్ రకాలను మూడు కోత ఎత్తుల్లో, రెండు నత్రజని మోతాదుల్లో పోల్చే ప్రయోగం. స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు ఇది తగిన అంశం. మట్టి గుట్ట నుంచి తెచ్చిన మట్టిపై కూడా దీనిని నిర్వహిస్తే విలువ రెట్టింపవుతుంది.

మూడు, మైదాన నిర్వాహకులకు, యంత్రం నడిపేవారికి, ఫిట్టర్లకు కలిపి స్వల్పకాలిక శిక్షణ. బెడ్‌నైఫ్ సర్దుబాటు, వేగానికి రీలు తిరుగుడుకు గల సంబంధం, మలుపుల ప్రణాళిక, నూనె కారకుండా గొట్టాల తనిఖీ, ప్రమాద నివారణ అందులో ఉండాలి. గనులు శాశ్వతం కావు. కోల్‌బెల్ట్ యువత చేతికి యంత్రం అలవాటే. దానికి మొక్క గురించిన జ్ఞానం తోడైతే హైదరాబాదు మైదానాల నుంచి గల్ఫ్ దేశాల మైదానాల వరకు ఉపాధికి దారి ఉన్నది.

నాలుగు, యంత్రం కొనుగోలుకు ముందు విస్తీర్ణం, కావలసిన కోత ఎత్తు, మడుల ఆకారం, మరమ్మతు వసతి అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం రాతపూర్వకంగా కోరే పద్ధతి. ఈ ప్రశ్నలు అడగకుండా కొన్న యంత్రం రెండేళ్లలో షెడ్డు చేరుతుంది. ఆ తరువాత మళ్లీ బ్రష్ కట్టరు, మళ్లీ ఎండలో కూలీ.

పచ్చిక కోత చిన్న విషయంగానే కనిపించవచ్చు. కాని అందులో మొక్క పెరుగుదల ఉన్నది, నేల ఉన్నది, నీరు ఉన్నది, యంత్రం ఉన్నది, ఎండలో నిలిచిన మనిషి ఉన్నాడు. ఈ ఐదింటినీ ఒకే లెక్కలో చూడగలిగే శాస్త్రం సస్యశాస్త్రమే. గరికను చంపే విద్యలో సాధించిన నైపుణ్యాన్ని దానిని పెంచి కోసే విద్యలోనూ చూపడం ఈ తరం విద్యార్థుల ముందున్న పని.